టూరింగ్ బండికి సైలెన్సర్ మార్చాలనుకునే తమ్ముళ్లకు

మొన్న ఓ తమ్ముడు "హిమాలయన్‌కి ఏ సైలెన్సర్ వేయిస్తే బాగుంటుంది అన్నా?" అని అడిగాడు. రెండు లైన్లలో తేలేది కాదు, అందుకే మా సంగతి మొత్తం రాస్తున్నాం.

మేము ముగ్గురం హాస్టల్లో ఒకే రూమ్. తలా కొంత వేసుకుని సెకండ్ హ్యాండ్ హిమాలయన్ 411 కొన్నాం. పండక్కి ఊరెళ్లాలన్నా, అరకు, లంబసింగి తిరగాలన్నా అదే. బండి బాగుంది గానీ "సౌండ్ లేదురా" అని మా బాధ. వైజాగ్‌లో ఓ షాపులో 6,500 రూపాయల ఫ్రీ ఫ్లో సైలెన్సర్ వేయించాం. పాతది ఇచ్చేస్తే 800 తగ్గించారు. మొదటి తప్పు అదే.

కంపెనీ సైలెన్సర్ లోపల గదులు, అడ్డుపలకలు ఉంటాయి. పొగ వాటిల్లో తిరిగి సౌండ్ తగ్గి బయటికొస్తుంది. మేము వేయించిన దాంట్లో చిల్లుల గొట్టం, చుట్టూ గ్లాస్ ఊల్, అంతే. పికప్ పెరిగిందని మాకు మేమే చెప్పుకున్నాం. నిజానికి చివరి డబ్బా ఒక్కటి మారిస్తే పవర్ పెద్దగా పెరగదు. పైగా దిగుడులో యాక్సిలేటర్ వదిలితే చాలు, టపటపా పేలుడు.

సంక్రాంతికి వడ్డాది మీదుగా పాడేరు ఘాట్ ఎక్కుతున్నాం. మన ఘాట్‌లో నడిపినోళ్లకు తెలుసు, మలుపులో కళ్లకంటే ముందు చెవులు పనిచేయాలి. ఒక మలుపులో పైనుంచి బస్సు హారన్ కొట్టుకుంటూనే వస్తోందట. మాకు వినబడలేదు. బస్సు మా హ్యాండిల్‌కి జానెడు దూరంలో పోయింది. కొండ పక్కకి దిగిపోయాం కాబట్టి ఈరోజు ఇది రాస్తున్నాం. డ్రైవర్ బస్సు ఆపి "ఇంతసేపట్నుంచీ కొడతన్నాను, చెవుడా మీకు?" అన్నాడు. ఏం చెప్తాం? తల దించుకున్నాం.

ఊరు చేరేసరికి రాత్రి పది దాటింది. ఇళ్లల్లో దీపాలు వెలిగాయి, జనం బయటికొచ్చేశారు. మాలో ఒకడి అమ్మమ్మ చెయ్యి పట్టుకుని "రేతిరప్పుడు బండి సౌండ్ ఇనబడితే ఎవులికో బాగోలేదనుకుంటాం నాన్నా. గుండె ఆగిపోనాది" అంది. మన ఊళ్లల్లో రాత్రి బండి వచ్చిందంటే అర్థం ఏంటో మీకు చెప్పక్కర్లేదు. బస్సు తిట్లకంటే ఆ మాటే ఎక్కువ తగిలింది.

చట్టం సంగతీ చూసుకోండి. 175 సీసీ దాటిన బైక్‌కి శబ్దం పరిమితి 80 డెసిబెల్స్. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా మూడు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. మన స్కాలర్‌షిప్ ఎంతో మనకు తెలుసు కదా.

అయినా మారుస్తామంటే ఇవి చూసుకోండి:

1. పాత సైలెన్సర్ ఎవరికీ ఇవ్వొద్దు, దాచుకోండి.
2. డబ్బా మీద "ఆఫ్ రోడ్ ఓన్లీ" అని ఉంటే అది మన రోడ్డుకి కాదు.
3. ఇంజిన్ దగ్గర పైపు, క్యాటలిటిక్ కన్వర్టర్, ఆక్సిజన్ సెన్సర్ ముట్టుకోనివ్వొద్దు.
4. లోపలి డీబీ కిల్లర్ తీయించొద్దు.
5. సైడ్ బ్యాగులు తగిలించి చూడండి. ఆనితే కాలిపోతాయి.
6. షాపు ముందు రెండు నిమిషాలు విని మురిసిపోవద్దు. హెల్మెట్ పెట్టుకుని గంటసేపు నడపండి. తలనొప్పి వస్తే అది టూరింగ్‌కి పనికిరాదు.

మేమైతే పాత సామాన్ల షాపులు తిరిగి, 3,000 పెట్టి కంపెనీ సైలెన్సరే మళ్లీ కొన్నాం. ఫ్రీ ఫ్లో మంచం కింద ఉంది. అమ్మితే ఇంకో తమ్ముడు వేయించుకుంటాడని అమ్మలేదు.

పోయిన నెల రాత్రి ఊరెళ్లాం. ఎవరూ లేవలేదు. అమ్మమ్మని తలుపు కొట్టి లేపాం.

జోహార్.