దాదీ వెళ్లలేని సమాధి

గురువారం సాయంత్రమైతే దాదీ నల్ల బురఖా తొడుక్కుని, అగరువత్తులూ చక్కెర పొట్లమూ పట్టుకుని బయల్దేరేది. ఆ బురఖా అంచు పట్టుకుని వెనకే నేను. మా ఇంటి నుంచి స్వర్ణాల చెరువు నడిచేంత దూరమే. చెరువు గట్టున బారాషహీద్ దర్గాలో పన్నెండు మంది అమరుల సమాధులు. యుద్ధంలో తలలు తెగినా ఆ మొండేలను గుర్రాలే ఇక్కడిదాకా మోసుకొచ్చాయని నెల్లూరులో పుట్టిన ప్రతి బిడ్డా వినే ఉంటుంది. నేను ఆ గుర్రాల కోసం చెరువంతా వెతికేదాన్ని.

ఒకసారి ఎవరో సమాధి ముందు నేలకు నుదురు ఆనించడం చూసి నేనూ వంగాను. దాదీ జడ పట్టుకుని లేపింది. "సజ్దా ఒక్క అల్లాకే. ఇక్కడ సలాం చెప్పి, చేతులెత్తి అల్లాను అడగాలి, అంతే" అంది. అంత కోపంగా ఆమెను మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

మొహర్రంలో రొట్టెల పండగ. కోరిక తీరినవాళ్లు చెరువు నీళ్లలో దిగి రొట్టె ఇస్తారు, కోరిక ఉన్నవాళ్లు పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, సంతానం రొట్టె... ఎవరికి ఏది కావాలో గొంతెత్తి అడుగుతూ తిరిగేవాళ్లు. ఇచ్చేది హిందువో ముస్లిమో ఎవరూ చూసేవాళ్లు కాదు. 2015లో ప్రభుత్వం దాన్ని రాష్ట్ర పండగ చేసింది. అప్పటికి దాదీ లేదు. అంతకు చాలా ముందు ఒక ఏడు ఆమె మా చాచా కోసం ఉద్యోగం రొట్టె పట్టింది. మరుసటేడు చాచాకు ఉద్యోగం వచ్చింది, దాదీ వెళ్లి రొట్టె ఇచ్చి వచ్చింది.

ఆ చాచాయే తర్వాత మతప్రచార జమాత్‌తో నలభై రోజులు తిరిగొచ్చి, ఫాతిహా ఇచ్చిన మలీదా ముట్టనన్నాడు.

"నాకు ఉద్యోగం ఎవరిచ్చారు అమ్మీ? అల్లానా, ఆ సమాధులా?"

"అల్లానే ఇచ్చాడు నాయనా. ఆడ నిలబడి అడిగా."

"ఇంట్లో జానిమాజ్ మీద అడిగితే వినడా?"

"ఇంట్లోనూ అడిగా."

చాచా మదీనా సంగతి చెప్పాడు. అక్కడి జన్నతుల్ బఖీలో ప్రవక్త కుటుంబీకుల సమాధుల మీది గుమ్మటాలను కూడా 1920ల్లో సౌదీలు పడగొట్టారన్నాడు. దాదీ కళ్లొత్తుకుంది. "మరి మన ప్రవక్త మీద పచ్చ గుమ్మటం ఉందిగా?" అని అడిగింది. చాచా ఏదో జవాబు చెప్పాడు, నాకు గుర్తులేదు. ఆ సంభాషణలో ఒకచోట అతను 'షిర్క్' అన్నాడు. ఐదుపూటలా నమాజు తప్పని మనిషిని అల్లాకు సాటి కల్పించావనడం! అతను నాకు ఖురాన్ అక్షరాలు దిద్దించినవాడు, ఇప్పటికీ ప్రేమే. ఆ మాటను మాత్రం క్షమించలేకపోయాను.

ఆ రోజు నుంచి దాదీ మలీదా రెండు గిన్నెల్లో పెట్టేది. ఒకటి ఫాతిహాకు, ఒకటి చాచాకు.

పెద్దయ్యాక చదువుకున్నాను. సమాధులకు పోవద్దని మొదట వారించిన ప్రవక్తే తర్వాత వెళ్లమన్నారు, అవి పరలోకాన్ని గుర్తుచేస్తాయని. ఆ హదీసును ఇరుపక్షాలూ చెబుతాయి. 1866లో మొదలైన దేవ్‌బంద్ మదరసా పండితులు సమాధి దగ్గరికెళ్లి దువా చేయడాన్ని కాదనరు. వాళ్ల అభ్యంతరం చాదర్లకూ ఉర్సులకూ మొక్కులకూ. పుణ్యపురుషులైన ఔలియాలను మధ్యవర్తులుగా పెట్టుకుని వేడుకోవచ్చన్న బరేలీ అహ్మద్ రజా ఖాన్ కూడా సమాధికి సజ్దా హరామనే రాశారు. దాదీ నా జడ పట్టి చెప్పిన మాటే అది. కానీ ఆడవాళ్లు సమాధులకు పోకూడదని కూడా ఆయనే అన్నారు. అది చదివిన రోజు పుస్తకం మూసేశాను. ప్రవక్త భార్య ఆయిషా తన అన్న సమాధికి వెళ్లినట్టు హదీసుల్లో ఉంది. దాన్ని పట్టుకుని ఆడవాళ్లకు అనుమతి ఉందన్న పండితులూ ఉన్నారు. మా వీధిలో ఆ మాట ఎవరూ చెప్పలేదు.

దాదా పోయినప్పుడు జనాజా గడప దాటింది, దాదీ గడప లోపలే ఉండిపోయింది. మావైపు ఖబరస్తాన్‌కు మగవాళ్లే పోతారు. ముప్ఫై ఏళ్లు ఆమె భర్త సమాధి చూడలేదు. ఆమె వెళ్లి నిలబడగలిగినవి ఆ పన్నెండే. గురువారాల్లో అక్కడ అంతసేపు ఎవరితో మాట్లాడేదో, ఇది తెలిశాక గానీ నాకు అర్థం కాలేదు. దర్గా సరా తప్పా అని ఇంట్లో మగవాళ్లు వాదించుకున్నన్నాళ్లూ, ఆమెకు మరో చోటు లేదన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

షబ్-ఎ-బరాత్ రాత్రి చాచా ఖబరస్తాన్‌కు పోయి వస్తే దాదీ నిద్రపోకుండా ఎదురుచూసేది. "గడ్డి మొలిచిందా? మట్టి కుంగిందా?" అని అడిగేది. చాచా ఓపికగా అన్నీ చెప్పేవాడు. ఆ ఒక్క రాత్రి ఇద్దరి మధ్యా వాదం ఉండేది కాదు.

ఇప్పుడు ఆ రాత్రి నేను ఫోన్ చేస్తాను. చాచాకు డెబ్బై దాటాయి, గొంతు వణుకుతుంది. దాదా పక్కన దాదీకి చోటు దొరకలేదట, రెండు వరసల అవతల వేపచెట్టు కింద ఉంది. గడ్డి మొలిచిందా అని అడుగుతాను.

"మొలిచింది బేటీ. పీకలేదు, పచ్చగా ఉంది, ఉండనిచ్చా" అంటాడు.