ఏడో నెల సంగతి

ఊరి పేరు రాయనని మాట ఇచ్చాకే హెచ్‌ఐవీ మందులిచ్చే ఆ ఏఆర్‌టీ కేంద్రంలోకి నన్ను రానిచ్చారు. కోస్తాలో ఒక ప్రభుత్వాసుపత్రి, అంతవరకే. హెచ్‌ఐవీ ఉన్న మనిషి వివరాలు అతని సమ్మతి లేకుండా బయటపెట్టడానికి 2017 చట్టం ఒప్పుకోదు. చట్టం లేకపోయినా ఆ వరండా చూస్తే రాయబుద్ధి కాదు. కొంగు మొహం మీదకి లాక్కుని గోడవైపు తిరిగి కూర్చున్న ఆడవాళ్లు, మిరపకోత కూలి మానుకుని వచ్చినవాళ్లు, లారీ దిగి నేరుగా వచ్చినవాళ్లు.

లోపలికి వచ్చిన ప్రతి ఒక్కరినీ కౌన్సెలర్ ముందుగా నాలుగు సంగతులు అడుగుతోంది. దగ్గుందా, జ్వరం వస్తోందా, బరువు తగ్గారా, రాత్రిళ్లు చెమటలు పడుతున్నాయా. మామూలుగా రెండు వారాలు దగ్గితే గానీ టీబీని అనుమానించరు. ఇక్కడ నిన్న మొదలైన దగ్గయినా లెక్కలోకి వస్తుంది. టీబీ క్రిమి ఒంట్లో అణిగి ఉన్నవాళ్లు మన దేశంలో కోట్లమంది. చాలామందిలో అది జీవితాంతం అలాగే పడి ఉంటుంది. హెచ్‌ఐవీ వస్తే దాన్ని అణిచి ఉంచే శక్తి తగ్గిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం 2023లో ప్రపంచం మొత్తం మీద రెండు జబ్బులూ కలిసి 1,61,000 మందిని చంపాయి.

నిరోధక శక్తి పడిపోయినవాళ్ల కళ్లెలో క్రిములు తక్కువగా ఉంటాయి, మైక్రోస్కోపుకి దొరక్కపోవచ్చు. అందుకే కళ్లెను నేరుగా సీబీనాట్ యంత్రానికి పంపుతారు. టీబీ ఉందో లేదో, దాని ముఖ్యమైన మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందో లేదో రెండు గంటల్లో తేలుతుంది.

నేనున్నప్పుడు నలభై ఏళ్లాయన ఒకరు వచ్చారు. టీబీ మందులు మొదలై రెండు వారాలైంది, ఇక హెచ్‌ఐవీ మందులు మొదలుపెట్టాలి. రెండూ ఒకే రోజు ఎందుకివ్వలేదో డాక్టరుగారు నాకు చెప్పారు. నిరోధక శక్తి ఒక్కసారిగా లేచి టీబీ క్రిముల మీద పడితే జ్వరం తిరగబెడుతుంది, గడ్డలు ఉబ్బుతాయి. మందులు పడలేదనుకుని రోగి మానేస్తాడు. అలాగని నెలలు ఆగినా ప్రాణానికి ముప్పే. మెదడు పొరలకు టీబీ సోకితే మాత్రం ఇంకొన్ని వారాలు ఆగుతారు.

ఇంకో చిక్కుంది. రిఫాంపిసిన్ వల్ల కాలేయం హెచ్‌ఐవీ మందైన డోలుటెగ్రావిర్‌ను తొందరగా కరిగించేస్తుంది. అందుకని ఒక పూట మూడు మందులు కలిసిన మాత్ర, పన్నెండు గంటల తేడాతో 50 మిల్లీగ్రాముల డోలుటెగ్రావిర్ ఒక్కటే మరో మాత్ర. టీబీ మందులు ఆపేశాక కూడా రెండు వారాలు ఆ రెండో మాత్ర వేసుకోవాలి.

ఆయన బాధ మాత్రం పూటల గురించి కాదు.

“ఇంట్లో టీబీ అనే చెప్పానమ్మా. ఈ బిళ్లలు కూడా వాటిల్లోవే అంటాను.”

“టీబీ మందులు ఆరు నెలలే కదన్నా. ఏడో నెల్లో ఏం చెబుతారు?”

ఆయన తల వంచుకున్నాడు. కౌన్సెలర్ తొందరపెట్టలేదు. బయట వరస పెరుగుతున్నా కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చుంది. హెచ్‌ఐవీ మందులు 2004 నుంచి ఉచితం. టీబీ రోగి తిండికి ప్రభుత్వమిచ్చే 500 రూపాయలు 2024 నవంబరు నుంచి నెలకు వెయ్యి అయ్యాయి. అవన్నీ కావలసినవే. కానీ ఆ మనిషి ఏడో నెల్లో మందు మానకుండా ఉండటం ఇలాంటి మాటల మీదే ఆధారపడి ఉంది. ఆ మాటలు చెప్పే ఆమెది ఇన్నేళ్లయినా కాంట్రాక్టు ఉద్యోగమేనంటే నాకు మింగుడుపడలేదు.

“మా ఆవిణ్ణి టీబీ పరీక్షకని తీసుకొస్తా. అదే రక్తంతో రెండోది కూడా చూసెయ్యండి,” అన్నాడు చివరికి.

“తీసుకురండి. టీబీ ఉన్నవాళ్ల ఇంట్లో అందరినీ ఎలాగూ చూస్తాం, పిల్లల్ని కూడా. రెండో పరీక్ష మాత్రం ఆమెకి చెప్పకుండా, ఆమె ఒప్పుకోకుండా చెయ్యను. మీరు చెప్పండి, నేను పక్కనే కూర్చుంటాను.”

శనివారం తీసుకొస్తానన్నాడు. ల్యాబు మధ్యాహ్నానికే మూసేస్తారు కాబట్టి పదింటికల్లా రమ్మని చీటీ మీద రాసిచ్చింది.