దెబ్బతిన్న జుట్టుకు మరమ్మతు ఉందా?



కిందటి సంవత్సరం సంక్రాంతి సెలవులకు మా మనుమరాలు ఇంటికి వచ్చింది. ఇంజనీరింగు చదువుతున్న పిల్ల. వచ్చిన రోజు సాయంత్రం నా పక్కన కూర్చుని, తలకు చుట్టుకున్న చున్నీ తీసి, "తాతయ్యా, దీనికి ఏదైనా మందు రాయవా?" అని అడిగింది. ఆరు నెలల క్రితం స్నేహితురాలి పెళ్ళికని ఉంగరాల జుట్టును మందు పెట్టించి నిటారుగా చేయించుకున్నదట. ఆపైన రంగు కూడా వేయించుకున్నది. ఇప్పుడా జుట్టు ఎండుగడ్డి వలె గరుకుగా ఉంది. చివరలు రెండుగా చీలిపోయాయి. చేతితో నిమిరితే తునకలు రాలుతున్నాయి. 'రిపేర్' అని రాసి ఉన్న సీసాలు మూడు కొని వాడినా ప్రయోజనం కనబడలేదు.

నేను వెంటనే సమాధానం చెప్పలేదు. ముందు ఆమె కనురెప్ప కిందికి లాగి చూశాను. "జుట్టు గురించి అడిగితే కళ్ళు చూస్తావేమిటి?" అని నవ్వింది. అలా చూడడం నేను ఒక తప్పు చేసి నేర్చుకున్న అలవాటు. ఆ తప్పేమిటో మీకు చెప్పాలి.

అది 1981. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేనొక్కడినే వైద్యుడిని. ఒక ఉదయం ముప్పై ఏళ్ళ వ్యవసాయ కూలీ ఒకామె వచ్చి, "జుట్టంతా ఊడిపోతోందండీ డాక్టరుగారూ, జడ ఎలకతోకలా అయిపోయింది" అన్నది. బయట వందమంది రోగులు నిలబడి ఉన్నారు. "జ్వరాలతో పడి ఉన్నవాళ్ళను చూడనీయమ్మా. కొబ్బరి నూనె రాసుకో, వెళ్ళు" అని పంపేశాను. నాలుగు నెలల తరువాత ఆమెను ఎడ్లబండి మీద తెచ్చారు. కాళ్ళు వాచి ఉన్నాయి, ఊపిరి అందడం లేదు, కనురెప్ప లోపలి భాగం కాగితం వలె తెల్లగా ఉంది. హిమోగ్లోబిన్ 5 గ్రాములకు లోపే. మలపరీక్షలో కొంకిపురుగు గుడ్లు కనిపించాయి. చెప్పులు లేకుండా పొలాల్లో పనిచేసేవారి పాదాల ద్వారా ప్రవేశించి, పేగులలో చేరి రక్తం పీల్చే పురుగు అది. జిల్లా ఆసుపత్రిలో రక్తం ఎక్కించిన తరువాత బ్రతికి బయటపడింది. ఆమె జుట్టు నాలుగు నెలల ముందే నాకు కబురు చెప్పింది. కనురెప్ప కిందికి లాగి చూడడానికి పట్టే ఐదు సెకన్లు నేను ఆమెకు ఇవ్వలేదు.

కనుక మీ జుట్టు చెడిపోయిందని అనిపించినప్పుడు మొదట తెలుసుకోవలసినది ఒకటే. అది రాలుతున్నదా, విరుగుతున్నదా? రాలిన వెంట్రుకను వెలుతురులో పట్టుకుని చూడండి. ఒక కొనన చిన్న తెల్లని బుడిపె ఉంటే అది కుదురు నుండి ఊడినది. బుడిపె లేకుండా పొట్టి తునకలుగా ఉంటే మధ్యలో విరిగినది. రోజుకు 50 నుండి 100 వెంట్రుకలు కుదురు నుండి ఊడడం సహజమే. అంతకు మించి వారాల తరబడి ఊడుతుంటే కారణం శరీరం లోపల ఉండవచ్చు. రక్తహీనత, థైరాయిడ్ లోపం, తగినంత మాంసకృత్తులు లేని ఆహారం అటువంటివి. టైఫాయిడ్, డెంగీ వంటి తీవ్రమైన జ్వరాలు, కాన్పు జరిగిన రెండు మూడు నెలలకు కూడా జుట్టు ఇలా ఊడుతుంది. వాటి వల్ల ఊడినది సాధారణంగా తిరిగి వస్తుంది. రక్తహీనత వంటి కారణాలకు మాత్రం చికిత్స అవసరం. ఊడే జుట్టుకు ఏ నూనె రాసినా వైద్య పరీక్షకు బదులు కాదు.

మా మనుమరాలి వెంట్రుకలకు బుడిపెలు లేవు. అవి విరిగినవి. ఇక వాటి సంగతి చూద్దాం.

చర్మం పైకి వచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు. అది కెరటిన్ అనే మాంసకృత్తుతో అల్లిన పోగు. దాని పైపొర పెంకుటింటి కప్పు మీది పెంకుల వలె ఒకదానిపై ఒకటి పరుచుకుని, లోపలి పోగులను కాపాడుతుంది. రసాయనాలు, అధిక వేడి, బరబరా దువ్వడం ఆ పెంకులను లేపి ఊడగొడతాయి. కప్పు పోయిన ఇల్లు తడిసినట్టు లోపలి పోగులు దెబ్బతింటాయి. కోసుకున్న వేలు మానుతుంది, ఎందుకంటే అక్కడ జీవకణాలు ఉన్నాయి. చీలిన వెంట్రుక మానదు. సీసాలలోని ద్రవాలు పైన పూత పూసి నునుపు తెస్తాయి, తలస్నానంతో ఆ నునుపు తగ్గిపోతుంది.

అయితే ఆశ వదులుకోనక్కరలేదు. కుదురు సజీవమైనది. నెలకు సుమారు ఒక సెంటీమీటరు కొత్త జుట్టును ఇస్తుంది. అంటే ఏడాదికి పన్నెండు సెంటీమీటర్లు. పాతదాన్ని మరింత చెడకుండా చూసుకుంటూ, కొనలు కొద్దికొద్దిగా కత్తిరిస్తూ, కొత్తదాన్ని క్షేమంగా పెరగనివ్వడమే నిజమైన మరమ్మతు. దీనికి కావలసిన అలవాట్లు ఖర్చు తక్కువవి. నేలకు, నీటికి కూడా మేలు చేసేవి.

మొదటిది నూనె. తలస్నానానికి కొన్ని గంటల ముందు కొబ్బరి నూనె పట్టించడం మన పెద్దల అలవాటు. కొబ్బరి నూనెలోని లారిక్ ఆమ్లం వెంట్రుక లోపలికి చొచ్చుకుపోగలదు. తలస్నానంలో వెంట్రుక నుండి పోయే మాంసకృత్తును కొబ్బరి నూనె తగ్గించిందనీ, పొద్దుతిరుగుడు నూనె, ఖనిజ తైలం అలా తగ్గించలేదనీ 2003లో ఒక భారతీయ పరిశోధన ప్రకటించింది. ఆ పరిశోధకులు కొబ్బరి నూనె అమ్మే సంస్థకు చెందినవారని కూడా మీరు తెలుసుకోవాలి. నూనె వెంట్రుక పొడవునా పట్టిస్తే చాలు. చుండ్రు ఉన్నవారు మాడుకు నూనె దట్టించవద్దు, అది పెరుగుతుంది.

రెండవది తలస్నానం. కుంకుడుకాయలలో సపోనిన్లు అనే నురుగునిచ్చే పదార్థాలు ఉన్నాయి. గింజ తీసి చితక్కొట్టి, వేడి నీటిలో నానబెట్టి, పిసికి వడకట్టిన పలుచని రసం చాలు. చిక్కగా వాడితే జుట్టు పొడిబారుతుంది, కంట్లో పడితే మంట పెడుతుంది. మా అమ్మ సీకాయ పొడిని అన్నపు గంజిలో కలిపేది. మందారాకు నూరితే వచ్చే జిగురు చిక్కు తీయడాన్ని సులభం చేస్తుంది. ఇవి కుదరనివారు సున్నితమైన శాంపూను కొద్దిగా వాడినా దోషం లేదు. ఒంటి సబ్బుతో, వంటసోడాతో మాత్రం తల రుద్దవద్దు. వాటి క్షారగుణం పైపొర పెంకులను లేపుతుంది.

మూడవది తడి జుట్టు పట్ల మర్యాద. తడిసిన వెంట్రుక సాగి సులభంగా తెగుతుంది. తువ్వాలుతో రుద్దకుండా పాత నూలు పంచెతో అద్ది, నీడలో ఆరనిచ్చి, వెడల్పు పళ్ళ దువ్వెనతో కొనల నుండి పైకి చిక్కు తీయండి. జుట్టు సాపు చేసే ఇస్త్రీ పరికరాలు 200 డిగ్రీల వరకూ వేడెక్కుతాయి. తడి జుట్టు మీద పెడితే లోపలి నీరు ఆవిరై వెంట్రుకలో బుడగలు ఏర్పడి అక్కడే విరుగుతుంది. బిగుతైన జడలు, ముడులు కణతల వద్ద కుదుళ్ళనే పాడుచేస్తాయి.

నాలుగవది నీరు, చెత్త. పది నిమిషాలు షవరు కింద నిలబడితే సుమారు వంద లీటర్లు పోతాయి. తలస్నానానికి రెండు బకెట్లు చాలు. చిన్న శాంపూ ప్యాకెట్లు పలు పొరలు కలిపి చేసినవి. వాటిని విడదీసి తిరిగి వాడడం దాదాపు అసాధ్యం. ఏ స్నానఘట్టం మెట్ల మీద చూసినా అవే కనిపిస్తాయి. కొనదలచినవారు పెద్ద సీసా కొనండి. ప్రకృతి సిద్ధమైనదంతా నిరపాయమని కూడా అనుకోవద్దు. కుంకుడు రసం నేలలో సులభంగా కలిసిపోతుంది కానీ చేపలకు విషం. పూర్వం దానితోనే చేపలు పట్టేవారు. చెరువులో దిగి రుద్దుకోకుండా, ఇంటి వద్ద వాడి ఆ నీటిని మట్టిలోకి పోనివ్వండి.

ఒక హెచ్చరిక. స్వచ్ఛమైన గోరింటాకు ఎర్రని రంగునే ఇస్తుంది. 'నల్ల గోరింట' అని అమ్మే పొడులలో తరచుగా పీపీడీ అనే రసాయనం ఉంటుంది. కొందరికి దానివల్ల ముఖం వాచి, చర్మం పుండ్లు పడుతుంది. జుట్టు నిటారుగా చేసే మందులలో కొన్ని వేడి తగిలినప్పుడు ఫార్మాల్డిహైడ్ ఆవిరిని విడుదల చేస్తాయి. గ్లయాక్సిలిక్ ఆమ్లం ఉన్న మందులు వాడిన తరువాత మూత్రపిండాలు దెబ్బతిన్న సందర్భాలను ఇజ్రాయెల్, ఫ్రాన్స్ వైద్యులు ఇటీవల ప్రకటించారు. పెళ్ళి ఫొటోల కోసం ఇంత ప్రమాదం అవసరమా అన్నది మీరే ఆలోచించుకోండి.

ఇదంతా విని మా మనుమరాలు, "అంటే మందు లేదన్నమాట" అని నిరాశపడింది. కానీ పాటించింది. రెండు నెలలకొకసారి కొనలు కత్తిరించుకున్నది. ఈ సంక్రాంతికి వచ్చినప్పుడు కుదుళ్ళ నుండి చెవుల వరకూ ఆమె సహజమైన ఉంగరాల జుట్టు మెరుస్తున్నది. ఆ కింద పాత గరుకు జుట్టు ఇంకా జానెడు ఉంది. "ఇది కూడా పోవాలంటే ఎన్నాళ్ళు తాతయ్యా?" అని అడిగింది. ఇంకో ఏడాదిన్నర అన్నాను.

మీ ఇంట్లో ఎవరైనా జుట్టు ఊడుతున్నదని చెబితే, ముఖ్యంగా ఇంటిల్లిపాదికీ వడ్డించి చివరన తినే స్త్రీ చెబితే, నూనె సీసా అందించే ముందు ఆమె కనురెప్ప కిందికి లాగి చూడండి. పాలిపోయి కనిపిస్తే, ఆయాసం, నీరసం, అధిక ఋతుస్రావం ఉంటే, తల మీద గుండ్రని ఖాళీలు ఏర్పడితే, దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. కనురెప్ప మామూలుగా ఉన్నా ఊడడం ఆగకపోతే వెళ్ళవలసిందే. హిమోగ్లోబిన్ పరీక్షకు వేలి కొనన ఒక చుక్క రక్తం చాలు. అక్కడి వైద్యుడు తొందరలో ఉండి, నాలాగే "నూనె రాసుకో" అని పంపేయబోతే, ఆ పరీక్ష చేయమని మీరే అడగండి.