గుర్రం అలసిందని ఎలా తెలుస్తుంది?

వేసవి సెలవులకు వచ్చిన మా మనుమరాలికి పదేళ్లు. ఒకనాడు అస్ర్ నమాజు ముగించుకొని కూర్చున్నాను. వాళ్ల అమ్మ ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టి, "నానా, మీ చిన్నప్పుడు ఇంట్లో గుర్రం ఉండేదట కదా! నాకు కొన్ని సందేహాలున్నాయి, చెప్పండి" అన్నది.

ఆ ఆట పేరు హౌర్స్. 2005లో ఫ్రాన్సులో మొదలైంది. ఆడేవారు గుర్రానికి మేత వేయాలి, మాలీషు చేయాలి, పోటీలకు పంపాలి, రాత్రికి పడుకోబెట్టాలి, ఈడు వచ్చాక దాని సంతతిని పెంచాలి. మనకు ఒక రోజు గడిస్తే ఆ గుర్రానికి రెండు నెలలు గడుస్తాయి. వృథా కాలక్షేపమని మందలించబోయాను. కాని ఆ పిల్ల అడిగిన ప్రశ్నలు నన్ను ఆపాయి.

"మేత ఎక్కువ వేస్తే గుర్రం త్వరగా బలపడుతుందా?"

"బలపడదమ్మా, కొవ్వెక్కుతుంది. గడ్డి కడుపు నింపుతుంది, గింజ పనికి సత్తువనిస్తుంది. నీ ఆటలో ఓట్స్ అంటున్నారు. మేము ఉడికించిన ఉలవలు పెట్టేవాళ్లం. బండి కట్టని రోజున మా అబ్బా ఉలవలు తగ్గించేవారు."

"తల్లీ తండ్రీ మంచి గుర్రాలైతే పిల్ల కూడా తప్పకుండా గెలుస్తుందా?"

"పుట్టుకతో వచ్చేది సామర్థ్యం మాత్రమే. శిక్షణ లేకపోతే అది లోపలే ఉండిపోతుంది." ముప్పై ఏళ్లుగా పిల్లలకు పాఠాలు చెబుతున్న నాకు ఈ జవాబు వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

మూడవ ప్రశ్న దగ్గర నా నోరు పెగలలేదు. "ఈ ఆడగుర్రానికి శక్తి సగమే మిగిలింది. ఇంకా రెండు పోటీలకు పంపనా? గెలిస్తే డబ్బు వస్తుంది."

మా అబ్బా తెనాలిలో జట్కా తోలేవారు. నాకు పన్నెండో ఏట ఆయన జ్వరంతో మంచం పట్టారు. ఇంట్లో గింజలు నిండుకున్నాయి. మా ఆడగుర్రం చూడితో ఉంది. "స్టేషనుకు రెండు సార్లే పోయి రా, బరువు ఎక్కించకు" అని చెప్పి ఆయన నాకు పగ్గాలిచ్చారు. నేను అయిదు సార్లు తిరిగాను. చివరిసారి బియ్యం బస్తాలు ఎక్కించాను. ఆ రాత్రి దాని చూడి నిలవలేదు. పదకొండు నెలలు మోయవలసిన బిడ్డను అది ఏడో నెలలో పోగొట్టుకుంది. నేను తెచ్చిన డబ్బులు అబ్బా లెక్కపెట్టారు. ఎన్నిసార్లు తిరిగానో ఆయనకు తెలిసిపోయింది. ఒక్క మాటా అనలేదు. లేచి, జ్వరంతోనే దాని పక్కన తెల్లవార్లూ కూర్చున్నారు.

మూగజీవాల విషయంలో అల్లాహ్‌కు భయపడాలన్న దైవప్రవక్త (స) బోధను ప్రతి సంవత్సరం విద్యార్థులకు చెబుతూనే ఉన్నాను. చెప్పిన ప్రతిసారీ నా కళ్ల ముందు ఆ బియ్యం బస్తాలు మెదులుతాయి. ఈ సంగతి నా పిల్లలకు కూడా ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు మనుమరాలికి చెప్పాను.

"మరి అది అలసిందని మీకెలా తెలుస్తుంది నానా? అక్కడ గీత ఉండదు కదా!"

"ఉండదు. చెవులు వాలిపోతాయి, అడుగు తడబడుతుంది, మెడ మీద చెమట నురగ కడుతుంది. ఆ రోజు అవన్నీ కనిపించాయి. నేనే చూడదలచుకోలేదు."

నిజమైన సొమ్ము చెల్లిస్తే త్వరగా ముందుకు సాగే సదుపాయాలు కూడా ఆ ఆటలో ఉన్నాయి. ఈదీ డబ్బులతో వాటిని కొనాలని ఆ పిల్ల అనుకున్నదట. ఆ తరువాత ఆ ఊసు ఎత్తలేదు.

కొంతసేపటికి, "ఆ గుర్రానికి మీ మీద కోపం వచ్చిందా నానా?" అని మెల్లగా అడిగింది.

"మరునాడు నేను గడ్డి పట్టుకెళ్తే నా చేతి నుంచే తిన్నదమ్మా" అన్నాను.

పిల్ల ఇక మాట్లాడలేదు. తెర మీది గుర్రానికి నీళ్లు పెట్టి, ఆ పూటకు పడుకోబెట్టింది.