ఒరిజినల్ పిచ్చి

ఇక్కడ ఒహాయోలో ఒక పొలంలో తుప్పుపట్టి పడున్న డాడ్జ్ ఎం37ని రెండేళ్ళ క్రితం కొన్నాను. అమెరికా సైన్యం కోసం 1951 నుంచి 1968 దాకా తయారైన ముప్పావు టన్ను ఫోర్ వీల్ డ్రైవ్ పికప్పు. ఉన్న కార్లు కడగడానికే తీరిక లేదని మా ఆవిడ సాధింపు. నిజమే లెండి.

మొదటిరోజే పరువు పోయింది. ఎడమ చక్రం నట్టు ఎంతకీ రాదు. రెంచికి పైపు తొడిగి తొక్కితే బోల్టే విరిగింది. ఈ బండికి ఎడమవైపు మరలు తిరగేసి ఉంటాయట. మాన్యువల్ చదవరని ఆఫీసులో జూనియర్లని తిట్టేది నేనే :)

ఇంజనూ, 24 వోల్టుల వైరింగూ ఏడాదిలో దారికొచ్చాయి. అంతా ఒరిజినల్‌గానే ఉండాలని నా పంతం. అదే కొంప ముంచబోయింది. దీని బ్రేకులకి నాలుగు చక్రాలకీ కలిపి ఒక్కటే ఆయిల్ లైను. ఎక్కడ కారినా మొత్తం పోయినట్టే. కిందటి సెప్టెంబరులో మావాణ్ణి పక్కన కూచోబెట్టుకుని పల్లంలోకి దిగుతుంటే పెడలు నేలకి తగిలింది. గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకు లాగి, మొక్కజొన్న చేలోకి పోనిచ్చాను. వాడు "నాన్నా, మళ్ళీ!" అన్నాడు. నాకు కాళ్ళలో వణుకు ఆగలా.

పగిలింది వెనకాల రబ్బరు గొట్టం. పాతదే కదా అని ముచ్చటపడి ఉంచేసింది నేనే.

ఇప్పుడు ముందుకీ వెనక్కీ విడిగా పనిచేసే మాస్టర్ సిలిండరు పెట్టాను. పాతబండ్ల మిత్రులు మొహం చిట్లించారు. చిట్లించనీండి. శనివారం బ్రేకుల్లో గాలి తియ్యాలి. పెడలు తొక్కడానికి మా ఆవిడ ఒప్పుకుంది.