పగ్గం పట్టిన చేతిలో పనితనం

డోన్ చుట్టుపక్కల ఊళ్లలో తిరునాళ్లంటే బండలాగుడు పోటీ ఉండాల్సిందే. నంద్యాల, ఆళ్లగడ్డ వైపూ అంతే. పొద్దెక్కేసరికి బరి చుట్టూ జనం మూగుతారు. చెట్ల కొమ్మలూ ట్రాక్టరు ట్రాలీలూ ఖాళీగా కనిపించవు. ఒంగోలు జాతి గిత్తలు జతలు జతలుగా వరసలో నిలబడతాయి. పాలపళ్లవి వేరు, రెండు పళ్లవి వేరు, నాలుగు పళ్లవి వేరు, ఆరు పళ్లవి వేరు... ఆఖర్న పెద్ద గిత్తలు. వయసును బట్టి బండ బరువూ పెరుగుతుంది. ఇచ్చిన సమయంలో ఏ జత ఎన్ని అడుగులు లాగిందన్నదే లెక్క.

కొలిచేది అడుగులే. కానీ సాయంత్రం టీ కొట్టు దగ్గర కూర్చున్నవాళ్లు మాట్లాడుకునేది అడుగుల గురించి కాదు, తోలినవాడి గురించి! ‘మొదట్లోనే గిత్తల్ని ఉరికించేశాడు, ఇంక ఆఖర్లో ఏముంటాది?’ అంటారొకరు. ‘మలుపు కాడ ఏం తిప్పినాడబ్బా!’ అంటారింకొకరు. చెర్నాకోలతో బాది బాది మొదటి బహుమతి పట్టుకెళ్లినవాడికి దక్కని మెప్పు, పగ్గాలు వదులుగా పట్టుకుని గిత్తల దమ్ము చూసుకుంటూ తోలి మూడో స్థానంలో ఆగిపోయినవాడికి దక్కుతుంది. గెలుపు వేరు, పనితనం వేరు అన్న సంగతి ఇక్కడి జనానికి ఎవరూ నేర్పక్కర్లేదు.

అదే చూపుతో చూడాల్సిన పోటీ ఇంకొకటుంది. డోన్ మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, కర్నూలు దాటి ఉత్తరంగా వెళ్తే వచ్చే హైదరాబాద్‌లోనే అది జరిగింది. 2023 ఫిబ్రవరి 11, శనివారం. హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ కార్ల రేసు. మనదేశంలో ఈ రేసు జరగడం అదే మొదలు. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ గార్డెన్స్, నెక్లెస్ రోడ్డు... రోజూ ఆటోలూ బస్సులూ తిరిగే దారినే పద్దెనిమిది మలుపులున్న ట్రాక్‌గా మార్చారు. 11 జట్లు, 22 కార్లు. మర్నాడు పత్రికల్లో సచిన్ టెండూల్కర్, సినిమావాళ్ల ఫొటోలకు లోటు లేదు. స్టీరింగ్ పట్టుకున్నవాళ్లలో ఎవరు ఎలా తోలారన్న ముచ్చట మాత్రం అంతగా జరగలేదు. జరగాల్సింది అదే!

ఇవి పెట్రోలు కార్లు కావు, కరెంటు కార్లు. గిత్తలకు దమ్ము ఎంతో వీటికి బ్యాటరీ అంత. అందరికీ ఒకే రకం బ్యాటరీ, ఒకే రకం టైర్లు. 2023లో మధ్యలో ఆగి చార్జింగ్ పెట్టుకోవడం ఉండేది కాదు. మొదటి నుంచీ తొక్కిపట్టి ఉరికిస్తే గమ్యం చేరేలోపే బ్యాటరీ ఖాళీ అయిపోతుంది. అందుకే మలుపు ఇంకా దూరంగా ఉండగానే డ్రైవరు కాలు తీసేసి కారును దాని మానాన పోనిస్తాడు. ఆ తర్వాత బ్రేకు వేస్తాడు. ఆ బ్రేకు వేగాన్ని తగ్గించి ఊరుకోదు, చక్రాల ఊపును కరెంటుగా మార్చి తిరిగి బ్యాటరీలోకి పంపుతుంది. రేసులో వాడే శక్తిలో దాదాపు నలభై శాతం ఇలా వెనక్కి వచ్చిందే! అంటే వేగంగా తోలేవాడు కాదు, ఎక్కడ తగ్గాలో తెలిసినవాడే మొనగాడు. తిరునాళ్లలో బండలాగుడు చూసినవాళ్లకు ఈ సూత్రం కొత్తగా అనిపించదు.

ఆ రోజు అందరికంటే ముందు నిలబడింది న్యూజిలాండ్ కుర్రాడు మిచ్ ఎవాన్స్. కారు జాగ్వార్. అర్హత పోటీలో అందరినీ వెనక్కి నెట్టి మొదటి స్థానం పట్టాడు. రెండో జాగ్వార్‌లో బ్రిటన్‌కు చెందిన శామ్ బర్డ్. ఏళ్ల అనుభవం ఉన్నవాడు, ఎన్నో రేసులు గెలిచినవాడు. ఇద్దరూ ఒకే జట్టు. ఒకే కాడికి కట్టిన ఎలపటెద్దు, దాపటెద్దు అన్నమాట.

రేసు నడుమ, వెనక్కి మళ్లినట్టుండే ఇరుకు మలుపు దగ్గర బర్డ్ లోపలి పక్కనుంచి దూసుకొచ్చాడు. వేగం అదుపు కాలేదు. నేరుగా వెళ్లి గుద్దింది ఎవరినో కాదు, సొంత జట్టువాడైన ఎవాన్స్‌నే! ఆ గొడవలో సాషా ఫెనెస్ట్రాజ్ అనే మరో కుర్రాడి కారూ ఇరుక్కుంది. రెండు జాగ్వార్ల కథా అక్కడితో ముగిసింది. పరాయివాడు గుద్దితే తిట్టుకుని ఊరుకోవచ్చు. కాడిలో ఎద్దే పక్క ఎద్దును పొడిస్తే ఎవరికి చెప్పుకోవాలి? హైదరాబాద్ రేసులో నిరాశపరిచిన డ్రైవరు ఎవరంటే మొదట చెప్పాల్సిన పేరు బర్డ్‌దే. అనుభవం లేనివాడు చేసుంటే తొందరపాటు అనుకునేవాళ్లు. బర్డ్ విషయంలో ఆ సర్దుబాటు కుదరదు.

ఆ దెబ్బ ఎంత ఖరీదైనదో సీజన్ చివరిగ్గానీ తెలియలేదు. జట్ల చాంపియన్‌షిప్‌ను ఎన్విజన్ జట్టు 304 పాయింట్లతో గెలిచింది. రెండో స్థానంలో నిలిచిన జాగ్వార్‌కు 292. తేడా పన్నెండే! ఒక రేసు గెలిస్తే వచ్చేవి 25 పాయింట్లు. హైదరాబాద్‌లో ఎవాన్స్ కారు మూడో స్థానంలోనో అంతకంటే ముందో గమ్యం చేరి ఉంటే లెక్క మారిపోయేది. ఇంకో విచిత్రం... ఎన్విజన్ కార్లను నడిపించిన మోటారు కూడా జాగ్వార్ తయారుచేసి ఇచ్చిందే. తన ఎద్దుల్ని పొరుగువాడికి బదులిచ్చి, వాడి చేతిలోనే ఓడినట్టయింది. అలాగని ఎవాన్స్‌ను మరీ అమాయకుణ్ని చేయక్కర్లేదు. అదే ఏడాది జులైలో రోమ్‌లో అతనే వెళ్లి నిక్ కాసిడీ కారు మీదికెక్కాడు.

ఇక గెలిచినవాడి సంగతి. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్, డీఎస్ పెన్‌స్కీ జట్టు. అంతకుముందే రెండుసార్లు చాంపియన్. ముందు వరసలో ఎవాన్స్ పక్కనే బయల్దేరాడు. ఆధిక్యం చేతికి చిక్కాక ఇక వదల్లేదు. చెప్పడానికి సులువే. చివరి ల్యాప్‌లలో వెర్న్ వెనక చక్రాలకు అంటుకుపోయినట్టు వచ్చినవాడు ఎన్విజన్ జట్టు నిక్ కాసిడీ. బ్యాటరీలో ఎవరికెంత మిగిలిందో టీవీ తెర మీద శాతాల్లో కనిపిస్తూనే ఉంటుంది. కాసిడీకి ఎక్కువ, వెర్న్‌కు తక్కువ! అంటే వెనకవాడు ఎక్కడ కావాలంటే అక్కడ ఉరకగలడు. ముందున్నవాడు ఉరికితే గమ్యం దాకా పోలేడు. అలాంటప్పుడు ఏం చేయాలి?

వెర్న్ చేసింది ఒకటే. దాటడానికి వీలున్న మలుపుల్లో లోపలి దారి మూసేశాడు. దాటడానికి వీల్లేని చోట కాలు తీసి, కాస్త కాస్త కరెంటు మిగుల్చుకున్నాడు. కాసిడీ మీద కోపంగా అడ్డం రాలేదు, గుద్దుకోలేదు. గమ్యం చేరేసరికి ఇద్దరి మధ్యా అర సెకను తేడా కూడా లేదు. ఎక్కువ దమ్మున్నవాణ్ని తక్కువ దమ్మున్నవాడు వెనక నిలబెట్టిన రేసు అది. ఇలాంటి తోలకాన్ని బండ బరిలో చూసుంటే జనం తువ్వాళ్లు గాల్లోకి ఎగరేసేవాళ్లు.

కాసిడీని చేతకానివాడనడం న్యాయం కాదు. రెండో స్థానం తక్కువేమీ కాదు, ఆ ఏడాది చాంపియన్‌షిప్‌లోనూ అతను రెండో స్థానంలో నిలిచాడు. కానీ శక్తి చేతిలో ఉండి దారి దొరకనప్పుడు సాహసం చేయాలా, దొరికింది పట్టుకుని రావాలా అన్న ప్రశ్న హైదరాబాద్‌లో అతని ముందుకొచ్చింది. కాసిడీ రెండోది ఎంచుకున్నాడు. రేసు నడుమ బర్డ్ మొదటిది ఎంచుకుని ఏమయ్యాడో అందరూ చూశారు కదా.

అన్నిటికంటే జాలి కలిగించేది సెబాస్టియన్ బ్యూమీ కథ. స్విట్జర్లాండ్‌వాడు. 2015-16లో చాంపియన్. కాసిడీ జట్టువాడే. రేసంతా ముందువాళ్లలోనే ఉన్నాడు, ఎవరినీ గుద్దలేదు, మూడోవాడుగా గమ్యం దాటాడు. తర్వాత లెక్కలు చూస్తే అతని కారు అనుమతించిన హద్దు మించి శక్తి వాడినట్టు తేలింది. 17 సెకన్ల జరిమానా! కార్లన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని వచ్చిన రేసులో 17 సెకన్లంటే మాటలా? మూడో స్థానం కాస్తా పదిహేనో స్థానమైంది. ఇందులో డ్రైవరు తప్పెంత, యంత్రం తప్పెంత? విడదీసి చెప్పడం కష్టం. పట్టికలో బ్యూమీ పేరు అడుగున కనబడుతుంది. పట్టిక మాత్రమే చదివినవాడు ‘వీడెవడో తేలిపోయాడు’ అనుకుంటాడు. చూసినవాడు అలా అనలేడు.

బ్యూమీ పోగొట్టుకున్న మూడో స్థానం పోర్చుగల్‌కు చెందిన ఆంటోనియో ఫెలిక్స్ ద కోస్టాకు దక్కింది. ఫార్ములా ఈలో అతనికది వందో రేసు. అతని పోర్షే జట్టులోనే ఉన్న పాస్కల్ వేర్లైన్ పరిస్థితి ఇంకా విచిత్రం. శుక్రవారం సాధనలో కారు గోడకు గట్టిగా కొట్టుకుంది. అలాంటి దెబ్బ తిన్నవాడు మర్నాడు భయంభయంగా తోలినా ఎవరూ ఏమీ అనరు. వేర్లైన్ మాత్రం వెనక నుంచి ఒక్కొక్కరినే దాటుకుంటూ వచ్చి నాలుగో స్థానంలో నిలిచాడు. ఆ రోజు వెర్న్ తర్వాత అంత బాగా తోలినవాడు ఎవరంటే వేర్లైన్ పేరే చెప్పాలి. బహుమతి వేదిక మీద అతనికి చోటు లేదు, అంతే తేడా.

మరి మనవాళ్లు? ఆ 22 మందిలో భారతీయుడు ఒక్కడూ లేడు. జట్టు మాత్రం ఉంది. 2014లో ఫార్ములా ఈ మొదలైనప్పటి నుంచీ బరిలో ఉన్న మహీంద్రా. ఆ ఏడాది దాని కారు అంత గట్టిది కాదు. అయినా బ్రిటన్‌కు చెందిన ఒలివర్ రోలండ్ దాన్ని ఆరో స్థానానికి చేర్చాడు. సొంతగడ్డ మీద జట్టు పరువు నిలిపింది అదే. కొన్ని నెలలకే అతను మహీంద్రాను వదిలేశాడు. తర్వాత నిస్సాన్ జట్టులో చేరి 2025లో ఏకంగా చాంపియన్ అయ్యాడు. బక్క గిత్తలతో ఆరో స్థానం పట్టినప్పుడే చూసేవాళ్లకు వాడి చేతివాటం తెలిసుండాలి.

2024 ఫిబ్రవరి 10న హైదరాబాద్‌లో జరగాల్సిన రెండో రేసు జనవరిలోనే రద్దయింది. హుస్సేన్‌సాగర్ ఒడ్డున మలిసారి తోలి చూపించే అవకాశం ఆ డ్రైవర్లకు రాలేదు.

బర్డ్‌కు మాత్రం వేరేచోట వచ్చింది. 2023 సీజన్ ముగిశాక అతను జాగ్వార్ నుంచి బయటికొచ్చి మెక్‌లారెన్‌లో చేరాడు. జాగ్వార్‌లో అతని చోటు కాసిడీకి దక్కింది. 2024 మార్చి 16న బ్రెజిల్‌లోని సావో పాలోలో రేసు. చివరి ల్యాప్‌లో ముందున్నవాడు జాగ్వార్ కారులో మిచ్ ఎవాన్స్. వెనక శామ్ బర్డ్. ఈసారి బర్డ్ లోపలికి దూరలేదు. మలుపు బయటి పక్కనుంచి, తాకకుండా, ఎవాన్స్‌ను దాటేశాడు. ఫార్ములా ఈలో మెక్‌లారెన్‌కు అది మొదటి గెలుపు.