మలుపు దగ్గర చోటు

పెళ్ళికి వెళితే ఎక్కడ కూర్చోవాలో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ముందు వరసలో కూర్చుంటే తలంబ్రాల వేళకి వీడియో అతని వీపు తప్ప మరేం కనబడదు. మరీ వెనక్కి పోతే పిల్లల పరుగులూ, వడ్డనవాళ్ళ కేకలూ! అందుకని కాస్త పక్కగా, ఫ్యాను కిందగా, పెళ్ళికూతురిని తీసుకొచ్చే దారి కనిపించేలా, అవసరమైతే ఎవరి కాళ్ళూ తొక్కకుండా లేచి వెళ్ళగలిగేలా ఒక కుర్చీ చూసుకుంటాం. ఇంత విద్య చేతిలో ఉంచుకుని, ఏదన్నా పందెం చూడ్డానికి వెళ్ళేటప్పుడు మాత్రం చోటు ఎంచే పని మగవాళ్ళకి ఒప్పజెప్పేస్తాం. అదేం చిత్రమో!

ఇప్పుడీ మాట ఎందుకంటే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఇ అనే కరెంటు కార్ల పందెం జరిగింది. మన దేశంలో ఆ పందెం జరగడం అదే మొదలు. ఊళ్ళో రోడ్లనే బాటగా చేసి, అటూ ఇటూ గోడలు పెట్టి, 2.8 కిలోమీటర్ల చుట్టు తయారుచేశారు. అందులో 18 మలుపులు. అక్కడే ఉద్యోగం చేస్తున్న మా తమ్ముడు అందరికీ టిక్కెట్లు కొంటానని ఏలూరుకి ఫోన్ చేశాడు.

"ఎక్కడ కొనమంటావక్కా?"

మావారు మొహానికడ్డంగా ఉన్న పేపరు తీయకుండానే, "బయల్దేరే గీత దగ్గర కొనమను. ముగింపూ అక్కడే. గెలుపెవరిదో తేలేది అక్కడేగా!" అన్నారు.

"వద్దు. మలుపు దగ్గర" అన్నాను నేను.

కార్ల గురించి నాకేం తెలుసుననీ! మా కారు తాళం ఏ మేకుకి తగిలించి ఉంటుందో తెలుసు, అంతే. కానీ చూడ్డం గురించి కొంచెం తెలుసు. లెక్క మీరే వేయండి. గంటకి 300 కిలోమీటర్ల వేగమంటే సెకనుకి 83 మీటర్లు. మన ఎదుట ఓ 50 మీటర్ల రోడ్డు కనిపిస్తోందనుకోండి. కారు మన కళ్ళ ముందు ఉండేది అర సెకను పైచిలుకు. ఊరి రోడ్ల మీద అన్నివేళలా అంత వేగం ఉండదనుకోండి, అయినా కొంగు సవరించుకునేలోగా నాలుగు కార్లు వెళ్ళిపోతాయి.

ఈ సంగతి మా గూడెం వాళ్ళకి లెక్కలు లేకుండానే తెలుసు. తాడేపల్లిగూడేన్ని మేం గూడెం అనే అంటాం లెండి. రెండో ప్రపంచ యుద్ధం నాడు తెల్లవాళ్ళు వేసిన విమానాల రన్‌వే ఒకటి మా ఊళ్ళో ఉంది. నేను సైకిలు నేర్చుకున్నది దాని మీదే. ఆ కొస నుంచి ఎవరైనా సైకిలెక్కి బయల్దేరితే చీమంత కనిపించేవారు. ఎంతసేపు చూసినా పెరిగేవారు కాదు. పెరిగారు అనుకునేలోగా బెల్లు కొట్టుకుంటూ దాటిపోయేవారు. తిన్నని దారిలో చూసేందుకేం ఉండదండీ, రావడమూ పోవడమూ తప్ప.

ఇలాంటి యుద్ధకాలపు విమానాల మైదానాలే లోకంలో చాలాచోట్ల కార్ల పందేలకి బాటలయ్యాయి. ఇంగ్లండులో సిల్వర్‌స్టోన్ అలాంటిదే. అమెరికాలో 1952 నుంచి 12 గంటల పందెం జరుగుతున్న సెబ్రింగూ అలాంటిదే. మనకి దగ్గర్లో, మద్రాసు పక్కన చోళవరం ఉంది. 1950ల నుంచి 80ల దాకా దక్షిణాదిలో కార్ల పందెమంటే చోళవరమే. మన పాత అయిదో నంబరు రోడ్డు, ఇప్పుడు పదహారో నంబరంటున్నారు, అదే రోడ్డు ఏలూరు, గూడెం పక్కనించీ చోళవరం పక్కనించీ కూడా పోతుంది. ఒకే రోడ్డు మీద రెండు రన్‌వేలు. దాని మీద కార్లు పరిగెత్తాయి, మా దాని మీద నేను మోకాళ్ళు కొట్టుకున్నాను!

మా అమ్మ చోళవరం పందేలకి వెళ్ళింది. 1972లో, పెళ్ళయిన కొత్త. నాన్నగారికి అప్పుడు మద్రాసులో చిన్న ఉద్యోగం. స్నేహితులు నలుగురూ, వాళ్ళ భార్యలూ, పులిహోర, పెరుగన్నం. మగవాళ్ళు పోయి తాడు దగ్గర నిలబడ్డారు. ఆడవాళ్ళకి ఎండ తగలకూడదని దూరంగా చెట్ల కింద దుప్పట్లు పరిచారు. నీడే, కాదనను. కానీ ఆ నీడకీ పందేనికీ మధ్య రెండొందల వీపులు! సాయంత్రం నాన్నగారు "ఎలా ఉందోయ్?" అని అడిగితే అమ్మ "చప్పుడు బాగా చూశానండీ" అందిట.

ఈ మాట నాన్నగారు పదిమందికీ చెప్పి నవ్వించేవారు. అమ్మా నవ్వేది. మేమూ నవ్వేవాళ్ళం. ఆయన పోయిన రెండేళ్ళకనుకుంటాను, ఒక మధ్యాహ్నం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ ఉన్నట్టుండి అంది: "ఎర్రకారు ఒకటుందిటే. అందరూ ఎర్రకారు, ఎర్రకారు అని ఒకటే కేకలు. ఎలా ఉండేదో!"

యాభై ఏళ్ళు. ఆవిడ ఆ ఎర్రకారుని ఎక్కడ దాచుకుందో మాకెవరికీ తెలీలేదు.

అందుకే తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను అంత పట్టుపట్టింది. మలుపనే మాట నా నోటికి వచ్చింది మాత్రం మా అత్తగారి దగ్గర్నించి. వాళ్ళది కైకలూరు దగ్గర పల్లెటూరు. ఆ ప్రాంతంలో, గుడివాడ వైపు, సంక్రాంతికి ఎడ్ల బండలాగుడు పోటీలంటే ఊళ్ళకి ఊళ్ళు కదిలిపోతాయి. అది వేగపు పందెం కాదు, ఓర్పు పందెం. ఇచ్చిన నిమిషాల్లో ఒక జత బండని ఎంతదూరం లాగిందో అడుగుల్లో కొలుస్తారు. రెండు పళ్ళ జతలు, నాలుగు పళ్ళ జతలు, ఆరు పళ్ళ జతలు అని పళ్ళని బట్టి వయసు కట్టి విభాగాలు. నేను కొత్తకోడలిగా వెళ్ళిన మొదటి సంక్రాంతికి అందరితో పాటు బరి మధ్యకి పోబోతుంటే అత్తయ్యగారు చెయ్యిపట్టి ఆపారు.

"అక్కడేం కనబడుద్దమ్మాయ్! ఇటు రా, కొసని కూర్చుందాం. బండ తిప్పేది ఇక్కడేగా."

నిజమే. తిన్నగా లాగినంతసేపూ అన్ని జతలూ ఒకలాగే కనిపించాయి. కొసకి వచ్చి బండ తిప్పేటప్పుడు చూడాలి! లోపలి ఎద్దు నిలదొక్కుకోవాలి, బయటి ఎద్దు అడుగులు సాగదియ్యాలి, తోలేవాడి గొంతు మారాలి. అలిసిన జత అక్కడ దొరికిపోతుంది. ఓ గడ్డిమేటు పక్కన కూర్చుని అత్తయ్యగారు "ఈ జత ఇంక రెండు తిప్పులు" అని చెప్పేవారు. సరిగ్గా రెండు తిప్పులకే ఆగేది.

మావారు ఆవిడ కన్నకొడుకే అయినా ఈ విద్య అబ్బలేదు. ఆయన్ని ఒప్పించడానికి జనవరిలో ఒక ఆదివారం పొద్దున్నే కొల్లేటి పిట్టల్ని చూద్దామని ఆటపాక తీసుకెళ్ళాను. ఆయన దుర్భిణీ పట్టుకుని ఎగిరే గూడబాతుల వెంట మెడ తిప్పీ తిప్పీ నొప్పి తెచ్చుకున్నారు. నేను గట్టు మీద కదలకుండా నిలబడి, గూళ్ళకోసం చెరువులో పాతిన ఇనప స్టాండ్ల వైపే చూశాను. ఎగిరే పిట్ట ఎటు పోతుందో ఎవరికెరిక? దిగే పిట్ట అక్కడికి రావాల్సిందేగా! అంత బరువైన పక్షి రెక్కలు వెనక్కి విరిచి, కాళ్ళు ముందుకి చాపి, గాలిని తన్ని ఆగుతుంది చూడండీ, ఆ ఒక్క క్షణంలో దాని ఒళ్ళంతా కనిపిస్తుంది. దుర్భిణీ నా చేతికిచ్చి, "సరే, మలుపే కొనమను" అన్నారు.

మలుపని తేలింది. పద్ధెనిమిదిట్లో ఏ మలుపు? దీనికి జర్మనీలో చదువుకుంటున్న మా చెల్లెలి కొడుకుని పట్టుకున్నాం. వాడు ఫ్రాన్సులో లమాన్ పందెం చూసి వచ్చినవాడు. 1923లో మొదలైన ఆ పందెం 24 గంటలు ఆగకుండా సాగుతుంది. శనివారం సాయంత్రం మొదలై ఆదివారం సాయంత్రానికి ముగుస్తుంది. ఒక్కో కారుని ముగ్గురు వంతులవారీగా తోలతారు. చుట్టు పొడవే పదమూడున్నర కిలోమీటర్ల పైన. అంత పందేన్ని ఒక్క కుర్చీలో కూర్చుని చూడరుట. బయల్దేరేటప్పుడు గ్యాలరీలోంచి చూసి, పొద్దువాలాక తెర్త్రరూజ్ అనే మలుపుకి నడిచి, అర్ధరాత్రి బస్సెక్కి ఆర్నాజ్ మలుపుకో, ముల్సాన్ మలుపుకో పోతారుట. ముల్సాన్ దగ్గర, అంత వేగంగా వచ్చినవి ఒక్కసారి బ్రేకు వేసేసరికి చక్రాల లోపలి బ్రేకు బిళ్ళలు చీకట్లో నిప్పుకణికల్లా ఎర్రబడతాయి పెద్దమ్మా అన్నాడు. కుంపటి విసిరినట్టా అంటే, అచ్చం అలాగే అన్నాడు. కుంపటి వాడెప్పుడు చూశాడో మరి!

వాడే ఇంకో సంగతీ చెప్పాడు. 1955 జూన్ 11న అదే లమాన్‌లో, కార్లు చమురుకీ చక్రాలకీ ఆగేచోటికి ఎదురుగా, అందరూ కోరి నిలబడే ప్రధాన గ్యాలరీ ముందు, ఒక మెర్సిడెస్ కారు మరో కారుని తాకి పైకి లేచి, ముక్కలై జనం మీద పడింది. 80 మందికి పైగా పోయారు. పందెం మాత్రం ఆపలేదు. మా అమ్మ ఫోన్‌కి ఇవతల వింటోంది. "చూడ్డానికి వచ్చినవాళ్ళేనా?" అనడిగి ఇంకేం మాట్లాడలేదు. ఇప్పుడు అడ్డుగోడలూ ఇనప వలలూ ఉంటాయి గానీ, అవి లేనిచోట, ఊరి రోడ్ల మీద జరిగే ర్యాలీల్లాంటి వాటికి వెళితే మలుపుకి బయటివైపు ఎప్పుడూ నిలబడకండి. పట్టు తప్పిన బండి పోయేది అటే. లోపలివైపు, ఎత్తుగా ఉన్నచోట, వెనక్కి తగ్గడానికి దారి ఉంచుకుని నిలబడాలి.

ఇక మిగిలినవి మనకి తెలిసినవే. మధ్యాహ్నం మూడింటి పందెం కనక పడమటి ఎండ కళ్ళలో పడకుండా వీపుకి పడేట్టు చూసుకోవాలి. నెత్తికి తువ్వాలే గానీ గొడుగు పనికిరాదు, వెనకవాళ్ళు తిడతారు. బాత్‌రూము ఎంతదూరమో ముందే కనుక్కోవాలి. ఈ ప్రశ్న తమ్ముడు నాలుగు రోజుల్లో ఒక్కసారీ వేయలేదు. అమ్మ మంచినీళ్ళు తాగకుండా కూర్చుని, ఇంటికొచ్చాక తలనొప్పితో పడుకుంటుందని వాడికి ఎందుకు తడుతుంది?

చెప్పొద్దూ, మాకు దొరికిన చోటు బ్రహ్మాండమేం కాదు. ఒక మలుపూ, దానికి ముందు కాస్త రోడ్డూ కనిపించే మెట్ల గ్యాలరీ. జాగ్వార్ వాళ్ళ రెండు కార్లు, ఒకే జట్టువి, ఒకదాన్నొకటి గుద్దుకున్నది మూడో మలుపు దగ్గర. అది మాకు పెద్ద తెర మీదే కనిపించింది. ఆ దెబ్బతో అందరికంటే ముందు నిలిచి బయల్దేరిన మిచ్ ఎవాన్స్ పందెం నుంచే పోయాడు, గుద్దిన సామ్ బర్డూ పోయాడు. మావారు "చూశావా!" అన్నట్టు నా వైపు చూశారు. బయల్దేరే గీత దగ్గర కూర్చున్నా అది తెర మీదే చూసేవారుగా!

కానీ ఆ కార్ల కిటుకు తెలిస్తే మలుపే చూడాలంటారు మీరు కూడా. 2023లో పందెం మధ్యలో వాటికి కరెంటు ఎక్కించేవారు కాదు. ఉన్నదాంతోనే ముప్పయికి పైగా చుట్లు గడవాల్సి వచ్చింది. బ్రేకు వేసినప్పుడల్లా చక్రాల నుంచి కొంత కరెంటు వెనక్కి వస్తుంది. అంటే తిన్నని దారిలో ఖర్చు, మలుపు దగ్గర జమ. నెలాఖరు సంసారం లాంటి పందెం! ఆ రోజు గెలిచిన జాన్ ఎరిక్ వెర్నే, వెనకనే తరుముతున్న నిక్ కాసిడీని చివరిదాకా ముందుకి రానివ్వకుండా, ఉన్న కాస్త కరెంటునీ పొదుపు చేసుకుంటూ లాక్కొచ్చాడు. అమ్మకి ఇదంతా చెబితే, "నూనె చూసుకుని వత్తి ఎగదోశాడన్నమాట" అంది.

ఇంకో సంగతి చెప్పడం మరిచాను. ఆ కార్లకి చప్పుడు లేదు. కుట్టుమిషను గట్టిగా ఈల వేస్తే ఎలా ఉంటుందో అంతే. చోళవరంలో చప్పుడు తప్ప ఏమీ చూడని మనిషికి చప్పుడొక్కటీ లేని పందెం! మొదటి రెండు చుట్లూ అమ్మ అటూ ఇటూ తడబడింది. మూడోచుట్టు నుంచి మలుపు ముందరి రోడ్డు మీదే చూపు నిలిపింది. ఒక కారు వచ్చి, ముక్కు కిందికి వంచి, తోలేవాడి తల ఇటువైపు వాలి, గోడని రాసుకుంటున్నట్టే తిరిగి వెళ్ళింది.

"అదుగోనే, ఎర్రది!" అంది అమ్మ, నా మోచెయ్యి గట్టిగా పట్టుకుని.

తరవాత ప్రతిచుట్టుకీ అది వచ్చేముందే చెప్పేది, ఇప్పుడొస్తుంది చూడు అని. అది ఏ జట్టుదో, ఎన్నోదో, గెలిచిందో లేదో ఆవిడ అడగలేదు. నేనూ చెప్పలేదు.

మరుసటేడు మళ్ళీ వెళదామని అమ్మ తువ్వాలు కూడా విడిగా తీసిపెట్టుకుంది. 2024 జనవరి మొదట్లో, ఆ ఏటి హైదరాబాదు పందెం రద్దయిందని పేపర్లో వచ్చింది. నేనే చదివి వినిపించాను. అమ్మ కాసేపు ఊరుకుని, "సంక్రాంతి ఎన్నాళ్ళుంది? మీ అత్తగారు కూర్చునే కొస ఏదో నాకూ చూపించమనూ" అంది.

అత్తయ్యగారికి ఫోన్ చేశాను. "రమ్మనమ్మాయ్, వదినగారికి చోటుంచుతాను. పెందరాళే రావాలి మరి, ఎండెక్కితే ఆ కొసకి కూడా జనం చేరతన్నారు ఈమధ్య" అన్నారు.